పన్నెండో ఫ్రెట్ దగ్గర

జూన్ 3, బుధవారం. ఉదయం

తప్పు గిటార్‌ది. నాది కాదు.

ఇంకోసారి రాసుకుంటాను, రాస్తుంటేనే కడుపు నిండుతోంది. తప్పు గిటార్‌ది, నాది కాదు.

పాలు స్టవ్ మీద పెట్టి, అవి కాగేలోపు కాసేపు వాయిద్దామని కూర్చున్నాను. శ్రుతి చూపించే ట్యూనర్ తగిలించి ఆరు తీగలూ సరిచేసుకున్నాను. వట్టి తీగ మీటితే ఆరింటికీ పచ్చ లైటు. ఏం బుద్ధి పుట్టిందో, ట్యూనర్ తీయకుండానే ఒక్కో తీగనీ పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కి మీటాను. ఫ్రెట్ అంటే గిటార్ మెడకి అడ్డంగా ఉండే లోహపు గీత, పన్నెండోది తీగకి నట్టనడుమ ఉంటుంది. అక్కడ నొక్కితే అదే స్వరం పై స్థాయిలో పలకాలి. పలకలేదు. ముల్లు ఎర్రబడి కుడిపక్కకి ఒరిగిపోయింది. హెచ్చు. రెండో తీగ, హెచ్చు. మూడోది మరీ ఘోరం. ఆరో తీగ అయితే పక్కస్వరం గుమ్మం దాకా వెళ్లొచ్చింది.

పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది. మా ఆయన వచ్చి గ్యాస్ కట్టేసి ఏమైందని అడిగాడు. గిటార్ బాగాలేదు అన్నాను. మరి ఆ నవ్వేమిటి అన్నాడు.

జూన్ 3, లంచ్ అవర్

ల్యాబ్‌లో ఉన్నాను. డబ్బా మూత కూడా తీయకుండా ఫోన్‌లో చదువుతూ కూర్చున్నాను. దీనికొక పేరుంది, ఇంటొనేషన్. వట్టి తీగ శ్రుతిలో ఉన్నా, నొక్కుతూ పైకి వెళ్లేకొద్దీ స్వరం పక్కకి జరిగిపోవడం. తీగ ఎత్తుగా ఉంటే నొక్కినప్పుడు సాగుతుంది, సాగితే హెచ్చుతుంది. తీగ పొడవు వెంట్రుకవాసి తగ్గినా హెచ్చుతుంది. ఎలక్ట్రిక్ గిటార్‌కైతే ఒక స్క్రూ తిప్పితే సరి. నాది అకూస్టిక్. దానికి తీగలు కింద ఆనుకునే తెల్లటి సన్న పట్టీ ఒకటుంటుంది, శాడిల్ అంటారు. దాన్ని అరగదీసి, ఒక్కో తీగ ఆనే చోటుని కాస్త ముందుకో వెనక్కో జరపాలి. మిల్లీమీటర్లో సగం, ఒక్కోసారి పావు.

మిల్లీమీటర్లో పావు అంటే చాలా కష్టమైన పని, అనుభవం లేనివాళ్లు ముట్టుకోవద్దు అని రాశాడు ఒకాయన.

నేను పళ్లు చేస్తాను స్వామీ. డాక్టర్లు పేషెంటు నోటి అచ్చు పంపిస్తే క్రౌన్లు, బ్రిడ్జిలు, పూర్తి పళ్ల సెట్లు చేసి పంపడం నా ఉద్యోగం. పక్క పన్ను కన్నా కాగితమంత ఎత్తున్నా మనిషి అన్నం నమలలేక మర్నాడు తిరిగొచ్చేస్తాడు. నా బల్ల మీద ఆకురాళ్లు, పన్ను అరగదీసే బర్‌లు, మందం కొలిచే గేజ్, పాలిషింగ్ లేత్ అన్నీ నావంకే చూస్తున్నాయి. చేతులు దురద పెడుతున్నాయి.

జూన్ 4, గురువారం

ఇంతగా ఎగిరి గంతులెందుకేస్తున్నానో కూడా రాసుకోవాలి.

మా ఇంట్లో పంపకాలు నాకు ఊహ తెలియకముందే అయిపోయాయి. చెవి అక్కకి, చెయ్యి నాకు. అమ్మ వచ్చినవాళ్లందరికీ అలాగే చెప్పేది. అక్క పాడేది. నేను విరిగిన బొమ్మల చేతులు అతికించేదాన్ని. నేను కూనిరాగం తీస్తే అక్క తలమీంచి దుప్పటి లాక్కునేది. ఏడిపించడానికి కాదు, పాపం, నిజంగానే తట్టుకోలేకపోయేది. ఇప్పటికీ నేను స్నానం చేస్తూ కూడా పాడను. గిటార్ కొన్నది కూడా అది చేతిపని కదా, చెవితో పనేముంది అనుకుని.

అక్క ఆఫీసు వార్షికోత్సవం ఈ నెల ఇరవైన. ఏటా అక్క పాట లేనిదే అది ముగియదు. పోయినేడు మాత్రం పాట లేదు. అక్క మెడలో గడ్డ తీశారు, చాన్నాళ్లు మాట కూడా గుసగుసలానే వచ్చేది. ఈసారి మళ్లీ పాడతానంది. పెద్ద హంగామా వద్దు, నువ్వు గిటార్ పట్టుకుని పక్కన కూర్చో, అది చాలు అంది. నన్ను. స్టేజి మీద, అక్క పక్కన, నన్ను. ఆ రోజు ల్యాబ్‌లో ఆ సంబరంలో ఒకాయన పళ్ల సెట్‌లో ముందుపన్ను స్థానంలో కోరపన్ను పెట్టేశాను.

పోయిన ఆదివారం ప్రాక్టీసు. మొదటి చరణం దాకా నల్లేరు మీద బండి. రెండో చరణంలో పాట పైకెక్కుతుంది, నా చెయ్యి కూడా గిటార్ మెడ మీద పైకెక్కుతుంది. అక్కడ ఇద్దరం విడిపోయాం. అక్క ఆగింది. మళ్లీ మొదలుపెట్టాం, మళ్లీ అక్కడే ఆగింది. చివరికి కోపం లేకుండానే అంది, నీ తప్పు కాదులేవే, నీకు వినిపించదు కదా అని. పద్నాలుగున వచ్చే ప్రాక్టీసులో కూడా కలవకపోతే ఆఫీసులో ఎవరో కరోకే ట్రాక్ ఇస్తానన్నారట, దానితో పాడేస్తానంది.

వినిపించదట. వినిపించిందక్కా. రెండేళ్లుగా పైకి వెళ్లిన ప్రతిసారీ వినిపించింది, పంటి కింద రాయి పడ్డట్టు. నా చేతి చలవే అనుకుని నోరు మూసుకున్నాను.

జూన్ 5, శుక్రవారం

గిటార్ షాపు రిపేరాయన దగ్గరికి వెళ్లాను. బాగు చేస్తాడట, కానీ వరసలో నా ముందు చాలామంది ఉన్నారు, నెలాఖరుకి రమ్మన్నాడు. నేనే చేసుకుంటానన్నాను. కళ్లజోడు నెత్తిమీదకి తోసుకుని నన్ను ఎగాదిగా చూశాడు. ఎముక కావాలన్నాను. శాడిల్‌కి మంచి ముడిసరుకు అదే. సోమవారం తెప్పిస్తానన్నాడు. ఒకటి చాలా అన్నాడు. రెండు అన్నాను. మొదటిది పాడు చేస్తానని నాకూ తెలుసు.

వచ్చేటప్పుడు, ఎముక వచ్చేదాకా శాడిల్ ముట్టుకోకుండా ముందు మెడ సంగతి చూసుకోమన్నాడు. మంచాయన.

జూన్ 6, శనివారం

మెడ సంగతి చూశాను. బాబోయ్.

గిటార్ మెడ లోపల ఒక ఇనప కడ్డీ ఉంటుందని నాకు నిన్నటిదాకా తెలియదు. తీగలు మెడని ముందుకి లాగుతుంటే, అది వెనక్కి పట్టి ఉంచుతుంది. మెడ మరీ వంగిపోతే తీగలు పైకి లేస్తాయి, నొక్కడానికి వేళ్లు తెగిపోతాయి. ఒక చిన్న అలెన్ కీతో ఆ కడ్డీని బిగించొచ్చు. పావు చుట్టు కన్నా ఎక్కువ తిప్పకూడదు. తిప్పితే మెడ పుటుక్కుమంటుందట.

మా ఆయన్ని గిటార్ పట్టుకోమని నేను తిప్పాను. ఆయన డ్రైవింగ్ స్కూల్లో బండి నేర్పుతాడు. కొత్తవాళ్ల పక్కన కూర్చుని కూర్చుని ప్రాణభయం అలవాటైపోయిన మనిషి. నేను కీ తిప్పగానే లోపలినుంచి కిర్రుమంది. ఆయన కుడికాలు నేలమీద బ్రేక్ తొక్కేసింది. నేను చూశాను. తొక్కలేదంటాడు.

కాసేపు ఆగి కొలిచాను. ల్యాబ్ గేజ్ ఇంటికి తెచ్చుకున్నా. తీగకీ మెడకీ మధ్య సందు తగ్గింది. నొక్కి చూస్తే తీగ వెన్నలా దిగింది. రెండేళ్లుగా నేను వాయించింది గిటార్ కాదు, బావిలో చేద.

పన్నెండో ఫ్రెట్ దగ్గర ఇంకా హెచ్చే. కానీ కాస్త తగ్గింది. ముల్లు ఇదివరకు పక్కింటికి వెళ్లేది, ఇప్పుడు మన వసారాలోనే ఉంది.

జూన్ 7, ఆదివారం

సోమవారం దాకా ఎవరాగుతారు. పళ్ల సెట్లకి చిగుళ్లు చేసే గులాబీ రంగు అక్రిలిక్ ఉంది కదా, దానితో ఒక నమూనా శాడిల్ పోసేశాను. ముందు దీనిమీద ఏ తీగ ఎక్కడ ఆనాలో తేల్చుకుంటే, తర్వాత ఎముక మీద గుడ్డిగా గీకనక్కర్లేదు.

ఒక్కో తీగ ఆనే చోట చిన్న లోహపు ముక్క పెట్టి ముందుకీ వెనక్కీ జరుపుతూ, పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కుతూ, ట్యూనర్ చూస్తూ. హెచ్చితే వెనక్కి జరపాలి, తగ్గితే ముందుకి. ఇది మొదట తిరగేసి అర్థం చేసుకున్నాను. మధ్యాహ్నమంతా తప్పుదిక్కున జరుపుతూ కూర్చుని, ఇదేం చోద్యం, సరిచేసేకొద్దీ చెడుతోందేమిటని గిటార్‌ని తిట్టిపోశాను. తర్వాత చెంప మీద ఒకటేసుకుని దిక్కు మార్చాను. మారిస్తే చకచకా దారికొచ్చింది.

గులాబీ పట్టీతో గిటార్ నోట్లో అట్టముక్క పెట్టుకుని మాట్లాడినట్టు పలుకుతోంది. పలికితే పలికింది, శ్రుతి మాత్రం దగ్గరికొచ్చేసింది. ఆరు చోట్లూ పెన్సిల్‌తో గుర్తు పెట్టాను. మా ఆయన తొంగి చూసి, గిటార్‌కి చిగుళ్లొచ్చాయి, ఇంక పళ్లు రావడమే తరువాయి అన్నాడు. అన్నం పెట్టను అన్నాను.

జూన్ 8, సోమవారం

ఎముకలొచ్చాయి.

జూన్ 10, బుధవారం

నిన్నా ఇవాళా పని అయ్యాక ల్యాబ్‌లో కూర్చుని చేశాను. ఎముకని హ్యాండ్‌పీస్‌తో అరగదీస్తే అచ్చం పన్ను అరగదీసినప్పటి వాసనే. ల్యాబ్‌లో నా పక్క బల్ల ఆవిడ క్రౌన్ల మీద పింగాణీ పొరలు వేస్తుంది. మేమంతా ఆవిడని పింగాణీ అనే పిలుస్తాం. ఎవరి పన్నే అది అని అడిగింది. గిటార్‌ది అంటే, ఫీజు ముందే తీసుకున్నావా అంది.

ఎంత అందంగా చేశానంటే చెప్పకూడదు. ఆరు చోట్లూ గుర్తుల ప్రకారం. తర్వాత లేత్ మీద పాలిష్. ముత్యంలా మెరిసింది. పింగాణీ కూడా చేతిలోకి తీసుకుని వెలుగులో తిప్పి, నీకు అవార్డు ఇవ్వాలి అంది.

ఇంటికొచ్చి పెట్టాను. తీగలు ఎక్కించాను.

దరిద్రం. ప్రతి తీగా ఈగలా జుయ్యిమంటోంది. పన్నెండో ఫ్రెట్ దగ్గర ఒక్కోసారి ఒక్కో లెక్క చూపిస్తోంది ట్యూనర్. గొంతు కూడా లేదు, మూల గదిలోంచి వాయిస్తున్నట్టుంది. గులాబీ చిగురే నయం. మా ఆయన లేచి గది తలుపు దగ్గరికి వేశాడు. ఎంత ఘోరంగా ఉందో దాన్నిబట్టే అర్థం చేసుకోవాలి.

గిటార్ని మంచం మీద పడేసి వంటింట్లోకి వెళ్లి గిన్నెలన్నీ తోమేశాను. శుభ్రంగా ఉన్నవి కూడా.

జూన్ 11, గురువారం. ఉదయం

దొరికింది.

పొద్దున శాడిల్ బయటికి తీసి చేత్తో తడుముతూ కూర్చున్నాను. తర్వాత ఏం చేశానంటే, రాయడానికే సిగ్గేస్తోంది, నాలుకతో తడిమాను. అలవాటు. ఏ క్రౌన్ చేసినా చివరికి వేలితోనో నాలుకతోనో అంచులు చూస్తాం. నోట్లో చిన్న అంచున్నా నాలుక అక్కడికే పోతుంది, పేషెంటుకి పిచ్చెక్కుతుంది. అందుకని మా చెయ్యి పడిన ఏ వస్తువుకీ అంచులుండవు. అన్నీ గుండ్రం. అన్నీ నున్నన.

ఈ శాడిల్‌కి ఎక్కడా అంచు లేదు. పైన లేదు, కింద లేదు. తీగ ఎక్కడ ఆగాలో దానికే తెలియక గుండ్రటి గట్టు మీద జారుతోంది. అదీ జుయ్యిమనడానికి కారణం. కింద కూడా గుండ్రమే, గాడిలో పట్టీ సరిగ్గా కూర్చోలేదు. అనుమానం తీరడానికి, పళ్లు ఎక్కడ తాకుతున్నాయో చూసే నీలం కాగితం ముక్క గాడిలో వేసి పట్టీని నొక్కాను. తీసి చూస్తే అడుగున పొడుగునా సన్నటి నీలం గీత, అంతే. మిగతాదంతా గాల్లో ఉంది.

నేను గిటార్‌కి పేషెంటు నోటికి చేసినట్టు చేశాను. దీనితో ఎవరూ ఏమీ నమలరమ్మా. దీనికి అంచు కావాలి, అడుగు బల్లపరుపుగా ఉండాలి.

బస్సులో తలుచుకుని నవ్వుతుంటే ఎదురుగా కూర్చున్నావిడ లేచి వేరే సీటుకి మారిపోయింది. పింగాణీకి చెబితే బల్లమీద తలపెట్టి నవ్వింది. అవార్డు వెనక్కి ఇచ్చేయమంది.

జూన్ 12, శుక్రవారం

అయింది అయింది అయింది.

రెండో ఎముక. పాలిష్ లేదు, లేత్ దగ్గరికే వెళ్లలేదు. అడుగుని గాజుపలక మీద గరుకు కాగితం అంటించి రుద్దాను. నీలం కాగితం వేసి చూశాను, రుద్దాను, చూశాను. చివరికి అడుగంతా నీలం. పైన ఒక్కో తీగకీ ఒక సన్నటి గట్టు, వేలు పెడితే కోసుకుంటుందేమో అన్నట్టు. చెయ్యి ఒప్పుకోలేదు. ప్రతి రెండు నిమిషాలకీ అంచు కొట్టేయడానికి పోతోంది. ఎడం చేత్తో కుడి చేతిని పట్టుకుని ఆపినంత పని చేశాను.

ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా తీగలెక్కించాను. ట్యూన్ చేశాను. ఒకటో తీగ. వట్టిది, పచ్చ. పన్నెండో ఫ్రెట్ దగ్గర, పచ్చ. రెండు, పచ్చ. మూడు, నా ప్రాణాలు తోడేసిన ఆ మూడోది, పచ్చ. నాలుగు. అయిదు. ఆరోది వెంట్రుకంత అటూ ఇటూ ఊగి మధ్యలో నిలబడింది.

మా ఆయన్ని పిలిచి చూపించాను. ఒక్కసారి కాదు, ఆరు తీగలూ రెండేసిసార్లు. ఆయనకి ఏం అర్థమైందో కానీ, లైసెన్స్ టెస్ట్ పాసైన స్టూడెంట్‌కి ఇచ్చినట్టు చెయ్యి చాచి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు.

తర్వాత ట్యూనర్ తీసేసి వాయించాను. మెడ మీద పైదాకా వెళ్లి, తీగలన్నీ కలిసి మోగేలా కార్డ్ పట్టాను. పంటి కింద రాయి లేదు. ఎక్కడా లేదు. ఆరు తీగలూ ఒకే మనిషి మాట్లాడినట్టు ఉన్నాయి. అన్ని ఫ్రెట్‌ల దగ్గరా పట్టాను, కింద నుంచి పైకి, పై నుంచి కిందకి. ఏడ్చాను కూడా కాస్త. నాకు వినిపిస్తోంది. నాకు ఎప్పుడూ వినిపించింది. ఇన్నాళ్లూ నాకు చెవి లేదని నమ్మాను, ఉంది, ఇదిగో ఉంది.

ఎల్లుండి అక్క దగ్గరికి. ఆగలేను.

జూన్ 14, ఆదివారం

కలవలేదు.

మొదటి చరణం ఎప్పటిలాగే బాగుంది. రెండో చరణంలో అక్క ఆగింది. ఇదివరకటి కన్నా నయమే కానీ ఇంకా తేడాగానే ఉందంది. ట్యూనర్ పెట్టి అక్క ముందే చూశాను. పచ్చ, పచ్చ, పచ్చ. యంత్రాలు చెబితే సరిపోదే, పాటకి కలవాలి కదా అంది. మళ్లీ వాయించాను. మళ్లీ ఆగింది.

కరోకేతో పాడతానంది. నా చెయ్యి నిమిరింది, చాలా కష్టపడ్డావు అని. కాఫీ ఇచ్చింది. తాగకుండా వచ్చేశాను.

జూన్ 14, సాయంత్రం

ఫోన్‌లో రికార్డు చేసిన ప్రాక్టీసు విన్నాను. గిటార్ సరిగ్గా ఉంది.

అంటే.

జూన్ 15, సోమవారం

అక్క కింద ఉంది.

రెండో చరణంలో పాట ఎక్కే చోట అక్క గొంతు పై స్వరానికి ఒక పిసరు కింద ఆగిపోతోంది. అందుకోవాలని తోస్తోంది, అందడం లేదు. అన్నిసార్లూ, అదే చోట. పింగాణీకి ఒక ఇయర్‌ఫోన్ ఇచ్చి వినిపించాను, ఏమీ చెప్పకుండా. ఎవరో కష్టపడి మెట్లెక్కుతున్నట్టుంది అంది.

నాకు ఎంత సంతోషం వేసిందో రాసుకోకపోతే ఈ డైరీ ఎందుకు. వేసింది. ఎగిరి గంతేశాను, మనసులోనే అయినా. ఇన్నేళ్ల తర్వాత అక్క తప్పు, నేను రైటు, ఆధారం చేతిలో ఉంది. మా ఆయనతో చెప్పాను. ఉన్నదున్నట్టు చెప్పెయ్, బండి పక్కకి పోతోందని చెప్పకపోతే గోడకి గుద్దుకుంటారు అన్నాడు. కరోకే ట్రాక్ కూడా అసలు శ్రుతిలోనే ఉంటుంది, అక్క కోసం ఒక్క మెట్టు దిగదు. ఆఫీసు మొత్తం ముందు అక్కడే దొరికిపోతుంది.

రికార్డింగ్‌లో ఆ ముక్క కత్తిరించి పెట్టుకున్నాను. రేపు వెళ్లి వినిపిస్తాను.

జూన్ 16, మంగళవారం

వెళ్లాను. వినిపించలేదు.

అక్కవాళ్లది మూడో అంతస్తు. లిఫ్ట్ పనిచేయడం లేదు, మెట్లెక్కుతున్నాను. రెండో అంతస్తు దాటేసరికి గొంతు వినిపించింది. కిటికీలు మూసుకుని పాడుతోంది. పాట మొత్తం కాదు, ఆ ఒక్క ముక్కే, ఆ ఎక్కే చోటే. పాడుతుంది, అందదు, ఆగుతుంది. దగ్గుతుంది. నీళ్లు తాగిన చప్పుడు. మళ్లీ. ప్రతిసారీ కొంచెం వేరే దారిన వెళ్లి చూస్తోంది, అచ్చం నేను లోహపు ముక్కని ముందుకీ వెనక్కీ జరిపినట్టు.

అక్కకి తెలుసు. అక్కకి తెలియకుండా ఎలా ఉంటుంది, అక్క చెవి అది. తన గొంతు అందడం లేదని తెలిసి, గిటార్‌దేమో, గిటార్‌దేమో అని ఆశపడింది. నేను శాడిల్ బాగుచేసి ఆ ఆశ కూడా తీసేశాను.

మెట్ల మీద కూర్చున్నాను. పైకి వెళ్లి ఫోన్ తీసి ఏమని చెప్పను. ఇదిగో అక్కా, ఇక్కడ తప్పావు, విను అనా. లేచి దిగి వచ్చేశాను. ఫోన్‌లో ఆ ముక్క చెరిపేశాను.

జూన్ 17, బుధవారం. ఉదయం

పాటని దించొచ్చు. దించొచ్చు కదా, మొద్దు బుర్ర. గిటార్ మొత్తం రెండు మెట్లు దించితే పాట మొత్తం రెండు మెట్లు దిగుతుంది, ఆ పై స్వరం అక్క గొంతుకందే ఎత్తుకి వస్తుంది.

గిటార్ తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే, తీగలు దించడమెందుకు, వేరే కార్డ్స్‌తో వాయించొచ్చు కదా అంటారు. నాకు ఆ పాట ఆ వేళ్లతోనే వచ్చు. శనివారానికి కొత్త వేళ్లు మొలవవు. తీగలే దించాలి. దించితే తీగలు వదులైపోతాయి, మెడ వెనక్కి వాలుతుంది, తీగలు ఫ్రెట్‌లకి తగిలి గరగరమంటాయి. పన్నెండో ఫ్రెట్ దగ్గర నేను ప్రాణం పెట్టి తెచ్చుకున్న ఆరు పచ్చ లైట్లూ పోతాయి.

లావు తీగలు వేస్తే దించినా బిగువు ఉంటుందట. అంటే మళ్లీ కొలవాలి, మళ్లీ శాడిల్. ఎముక ఒకటి మిగిలింది కదా, ఆ ముత్యంలాంటిది. దాని గుండ్రాలన్నీ కోసేసి అంచులు తీస్తాను.

లంచ్ అవర్లో వెళ్లి లావు తీగలు తెస్తాను. చేతులు మళ్లీ దురద పెడుతున్నాయి.

జూన్ 17, సాయంత్రం

అక్కకి ఫోన్ చేసి ఒక అబద్ధం చెప్పాను. నేను కెలికి కెలికి గిటార్ మెడ పాడుచేశాను, ఇప్పుడది పూర్తి శ్రుతికి తట్టుకోవడం లేదు, కొంచెం కిందికి దించితేనే నిలబడుతోంది, నువ్వు కాస్త సర్దుకుని కిందనుంచి పాడితే ఒక్క ప్రాక్టీసు చేద్దాం, ఈసారి కూడా కలవకపోతే నేనే తప్పుకుంటాను అన్నాను. అక్క తిట్టింది. నీకు ఏదీ ఉన్నదున్నట్టు ఉంచడం చేతకాదే అంది. చిన్నప్పుడు తన హార్మోనియం విప్పిన సంగతి కూడా తీసింది. అన్నిటికీ ఊ కొట్టాను. చివరికి సరే, శుక్రవారం రా అంది.

మా ఆయన పక్కనుంచి విన్నాడు. ఇంతకీ చెవి ఉన్నట్టా లేనట్టా అని అడిగాడు. నోరు మూసుకోమన్నాను.

జూన్ 18, గురువారం

సెలవు పెట్టాను. పొద్దుటినుంచి వంటింటి బల్లమీదే. లావు తీగలు, కడ్డీ మళ్లీ పావు చుట్టు, ఈసారి వదులు చేసే వైపు. మా ఆయన ఆ టైముకి బయట పనుందని వెళ్లిపోయాడు. ముత్యాన్ని గరుకు కాగితం మీద రుద్దుతుంటే మొదట మనసొప్పలేదు. తర్వాత ఊపొచ్చేసింది. లావు తీగలకి ఇంకా వెనక్కి జరపాలి. జరిపాను. మధ్యాహ్నానికి నాలుగు తీగలు పచ్చ. రెండు మొండికేశాయి. సాయంత్రం నీళ్లొచ్చే వేళకి అవీ దారికొచ్చాయి.

గిటార్ గొంతే మారిపోయింది. లోతుగా, బొంగురుగా, పెద్దావిడ మాట్లాడుతున్నట్టు. ఇదే బాగుంది నిజానికి. దీనితో ప్రేమలో పడ్డాను.

జూన్ 19, శుక్రవారం

అక్క పాడింది. రెండో చరణంలో ఎక్కింది. ఆగలేదు. కొంచెం గుంజినట్టు నాకు అనిపించింది, కానీ ఆగలేదు, చివరిదాకా పాడింది.

కరోకే అతనికి ఫోన్ చేసి ట్రాక్ వద్దని చెప్పింది. నాతో, ఇప్పటికి దారిలో పడిందే నీ గిటార్ అంది. అవునన్నాను.

రేపు నీలం చీర కట్టుకోమంది. తనూ నీలమేనట.

జూన్ 20, శనివారం

స్టేజి మీద మైకు సరిచేస్తున్నప్పుడు అక్క దానికి చెయ్యి అడ్డంపెట్టి నావైపు వంగింది. ఎంత దించావే అని అడిగింది.

రెండు మెట్లు అన్నాను.

ఇంకొక్కటి దించు అంది.

ట్యూనర్ గ్రీన్‌రూమ్‌లో బ్యాగులో ఉండిపోయింది. ఆ మాటే చెప్పాను. నువ్వున్నావు కదా అంది. మైకుకి దూరంగా తిరిగి, తనకి కావలసిన స్వరాన్ని సన్నగా పట్టింది. ఆ స్వరానికి ఆరో తీగ దించాను. దానికి మిగతావి కలిపాను, ఒకటొకటిగా. హాలంతా ఎదురుచూసింది. ఎవరో దగ్గారు. అక్క కళ్లు మూసుకుని విని, మూడో తీగ దగ్గర తల అడ్డంగా ఊపబోయి, నేను అప్పటికే దాన్ని సరిచేస్తుండడం విని ఆగిపోయింది.

తర్వాత పాడింది. పైకెక్కింది. అందింది.